నీటికి లెక్క రాసిన ఇంజనీరు: నవాబ్ అలీ నవాజ్ జంగ్

హాస్టల్లో పొద్దున లేవగానే అందరి చూపూ నల్లా మీదే ఉంటుంది. బకెట్ పట్టుకొని వరుసలో నిలబడిన రోజులను ఇక్కడ చదువుకున్న వాళ్లెవ్వరూ మరిచిపోరు. నీళ్లు వచ్చిన రోజు ఎవరినీ తలుచుకోము. రాని రోజు మాత్రం అందరినీ తిట్టుకుంటాము. ఆ నీళ్లు ఏ చెరువు నుంచి వస్తున్నాయి, ఆ చెరువును కట్టింది ఎవరు, ఇవాళ దాన్ని చూసుకుంటున్నది ఎవరు అని అడిగే అలవాటు మనలో చాలా తక్కువ. ఈ వార్షికోత్సవ సంచికలో ఏం రాయాలా అని ఆలోచించినప్పుడు, తెలంగాణలో నీటి కోసమే జీవితమంతా పనిచేసిన ఒక పెద్ద మనిషి గురించి రాద్దామనుకున్నాము. ఆయనే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

ప్రతి సంవత్సరం సెప్టెంబర్ 15న దేశమంతా మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు మీద ఇంజనీర్స్ డే జరుపుకుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2014 నుంచి జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా పాటిస్తోంది. అది అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు. విశ్వేశ్వరయ్య గారి పాఠం మనమందరం చదివాము. అలీ నవాజ్ జంగ్ పేరు మాత్రం డిగ్రీ దాకా మేము వినలేదు. ఇద్దరి కథలూ ఒకే నది దగ్గర కలుస్తాయి. ఆ నది మన మూసీ.

స్కాలర్‌షిప్ మీద చదువు

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టారు. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్‌లోనూ, మదరసా-ఎ-ఆలియాలోనూ, ఆ తర్వాత నిజాం కాలేజీలోనూ చదివారు. చదువులో చురుకైనవాడు కావడంతో 1896లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్లారు. అక్కడ కూపర్స్ హిల్ అనే చోట రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. మన దేశంలో రోడ్లు, కాలువలు, వంతెనలు కట్టే ఇంజనీర్లను తయారు చేయడానికే బ్రిటిష్ వాళ్లు దాన్ని పెట్టారు. అక్కడ చదువు ముగించుకొని 1899లో తిరిగి వచ్చి, నిజాం ప్రభుత్వ ప్రజా పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు.

స్కాలర్‌షిప్ అనగానే మనకు దగ్గరి మనిషిలా అనిపిస్తుంది. కానీ నిజం చెప్పుకోవాలి. ఆయన మనలాంటి ఇంట్లో పుట్టిన మనిషి కాదు, నగరంలోని చదువుకున్న కుటుంబం నుంచి వచ్చారు. ఆయన కూపర్స్ హిల్‌లో చదువుతున్న ఆ రోజుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మన ముత్తాతలు దొరల గడీల ముందు వెట్టి చేస్తున్నారు. వాళ్ల పిల్లలకు బడి అనే మాటే లేదు. ఇది ఆయన తప్పు కాదు, ఆ కాలం తీరు అది. అయినా ఒక విషయంలో ఆయన మనకు ఆదర్శం. ప్రజల సొమ్ముతో చదువుకున్న చదువును ఆయన ప్రజలకు పనికొచ్చే పనిలోనే ఖర్చు పెట్టారు.

1908 వరద

ఆయన ఉద్యోగంలో చేరి తొమ్మిదేళ్లు అయ్యేసరికి, 1908 సెప్టెంబర్ 28న మూసీ నది హైదరాబాద్‌ను ముంచేసింది. శంషాబాద్ దగ్గర 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. నగరంలో సుమారు 15,000 మంది చనిపోయారని, వేల ఇండ్లు కూలిపోయాయని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

ఆ వరదకు కారణం కనుక్కోవడానికి ఆనాటి ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన 1909లో వచ్చి నది మొత్తం తిరిగి చూసి, అదే సంవత్సరం అక్టోబర్‌లో నివేదిక ఇచ్చారు. అందులో ఒక లెక్క ఉంది. నగరానికి పైన మూసీ, ఈసీ నదుల పరీవాహకంలో 788 చెరువులు ఉండగా, ఆ వరదలో 221 చెరువులు తెగిపోయాయి. వాటిలో 182 ఈసీ వైపు, 39 మూసీ వైపు ఉన్నవి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. పై చెరువు కట్ట తెగితే ఆ దెబ్బకు కిందిది తెగుతుంది, దాని దెబ్బకు ఆ కిందిది తెగుతుంది. అంతా కలిసి చివరికి నగరం మీద పడింది.

పల్లెల్లో పెరిగిన మనకు ఈ మాట బాగా అర్థమవుతుంది. ఊర్లో చెరువుకు నీరటి అనే మనిషి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, కట్టకు బుంగ పడిందేమో చూడడం, వానొచ్చిన రాత్రి లాంతరు పట్టుకొని కట్ట మీద తిరగడం అతని పని. చెరువు కట్టించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది. చెరువును కాపాడిన నీరటి పేరు ఎక్కడా ఉండదు. కానీ నీరటి ఒక్క రాత్రి నిద్రపోతే రాజు కట్టించిన చెరువు తెల్లారేసరికి ఉండదు.

రెండు జలాశయాలు

వరద నగరానికి రాకముందే పైన ఆపాలని విశ్వేశ్వరయ్య గారు సూచించారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలన్నారు. మూసీ మీద గండిపేట దగ్గర 1913లో ఉస్మాన్ సాగర్ పనులు మొదలై 1920లో పూర్తయ్యాయి. ఆ కట్టడాన్ని నడిపించిన ఇంజనీర్ సి.టి. దలాల్. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది.

అలీ నవాజ్ జంగ్ ఒక్కో మెట్టూ ఎక్కుతూ 1918లో ప్రజా పనుల శాఖ చీఫ్ ఇంజనీరు, కార్యదర్శి అయ్యారు. ఉస్మాన్ సాగర్ చివరి దశ, హిమాయత్ సాగర్ నిర్మాణం మొత్తం ఆయన బాధ్యతలో ఉన్న కాలంలోనే జరిగాయి. ఉస్మాన్ సాగర్‌లో 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్‌లో 2.97 టీఎంసీల నీరు నిలుస్తుంది. ఉస్మాన్ సాగర్ నీళ్లు కరెంటు మోటారు అవసరం లేకుండా పల్లానికి పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. అక్కడ ఇసుక పొరల్లో వడకట్టి నగరానికి ఇచ్చేవారు. అప్పటిదాకా బావుల మీద, పాత చెరువుల మీద ఆధారపడిన నగరానికి అది కొత్త జీవితం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వరద ఆపాలంటే జలాశయంలో పైభాగం ఖాళీగా ఉండాలి. తాగునీరు ఇవ్వాలంటే జలాశయం నిండుగా ఉండాలి. ఒకే చెరువుతో ఈ రెండు పనులూ చేయించాలి. ఎంత నీరు ఉంచాలి, ఎప్పుడు గేట్లు ఎత్తాలి, ఎన్ని ఎత్తాలి అనేది రోజూ లెక్క చూసి తేల్చాల్సిన విషయం. పైన ఎంత వాన పడింది, వాగుల్లో ఎంత వస్తోంది అని ఎవరో ఒకరు నిద్ర మానుకొని చూడాలి. తొందరపడి వదిలితే ఎండాకాలంలో నల్లా ఎండుతుంది. ఆలస్యంగా వదిలితే కింద ఉన్న బస్తీలు మునుగుతాయి. జలాశయం కట్టడం కొన్నేళ్ల పని, దాన్ని చూసుకోవడం మాత్రం ఎన్నటికీ ముగియని పని.

పాలేరు, వైరా, నిజాంసాగర్

హైదరాబాద్ నగరానికి చేసిన పనితోనే ఆయన ఆగలేదు. ఖమ్మం ప్రాంతంలో పాలేరు, వైరా జలాశయాలు ఆయన చీఫ్ ఇంజనీరుగా ఉన్నప్పుడు కట్టినవే. సాగు కోసం కట్టిన పాలేరు నీళ్లు ఇవాళ మిషన్ భగీరథ పైపుల్లో తాగునీరుగా ఊర్లకు పోతున్నాయి.

అన్నిటికంటే పెద్దది నిజాంసాగర్. మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయింది. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలని దాన్ని రూపొందించారు. నిజామాబాద్ జిల్లా అన్నపూర్ణగా పేరు తెచ్చుకున్నది దాని వల్లనే. దాని కోసం సుమారు 40 గ్రామాలు ఖాళీ చేశారు. ఆ ఊర్ల జనం కూడా ఈ కథలో ఉన్నారని మనం మరిచిపోకూడదు. డిండి, శ్రీశైలం, నాగార్జునసాగర్ ముంపులో భూములు పోయిన కుటుంబాల పిల్లలు మన హాస్టళ్లలో ఎంతమంది చదువుకున్నారో మనకు తెలుసు.

నిజాంసాగర్ మరొక పాఠం కూడా నేర్పుతుంది. కట్టినప్పుడు దానిలో 29.7 టీఎంసీల నీరు పట్టేది. మంజీర ప్రతి వానాకాలం మట్టిని మోసుకొచ్చింది. 50 ఏళ్లు నిండకముందే సగానికి పైగా పూడిక చేరింది. ఆ తర్వాత ఎత్తు పెంచినా ఇప్పుడు దాని సామర్థ్యం 17.8 టీఎంసీలే. కట్టినవాళ్లు ఎంత గొప్పవాళ్లయినా సరే, పైన అడవి పోయి మట్టి కొట్టుకొస్తే చెరువు బతకదు.

వాటా కోసం వాదన

అలీ నవాజ్ జంగ్ గొప్పతనం కట్టడాల్లో ఎంత ఉందో లెక్కల్లోనూ అంత ఉంది. హైదరాబాద్ రాజ్యంలో ఏ నదిలో ఎంత నీరు వస్తుంది, అందులో మన హక్కు ఎంత అని ఆయన లెక్క కట్టించారు. తుంగభద్ర నీళ్ల కోసం మద్రాసు ప్రభుత్వంతో ఏళ్ల తరబడి చర్చలు సాగాయి. హైదరాబాద్ పక్షాన గట్టిగా వాదించిన వారిలో ఆయన ముఖ్యులు. చివరికి 1944లో ఒప్పందం కుదిరింది, 1945లో డ్యాం పనులు మొదలయ్యాయి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, అలంపూర్ ప్రాంతాలకు రాజోలిబండ కాలువ వచ్చింది ఆ తుంగభద్ర నీళ్ల వాటాలోనే. దాని కింద 87,500 ఎకరాలకు 15.9 టీఎంసీలు కేటాయించారు. కాగితం మీద ఉన్న ఆ నీరు కాలువ చివరిదాకా రావడం లేదని అక్కడి రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. 1953 నుంచి తుంగభద్ర బోర్డు ఉంది, ఒప్పందాలు ఉన్నాయి. అయినా వాటా దక్కాలంటే అడిగేవాడు, కొలిచేవాడు ఉండాలి.

ఆయన పేరు రాజ్యం దాటి కూడా వినిపించింది. సింధ్‌లోని సుక్కూరు బ్యారేజీ పనులను పరిశీలించడానికి 1929లో బొంబాయి ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారితో పాటు ఆయన్ని పిలిచింది. 1938లో కాంగ్రెస్ పార్టీ జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘాన్ని వేసినప్పుడు, నదులు, నీటిపారుదల ఉపసంఘానికి అలీ నవాజ్ జంగ్ అధ్యక్షులయ్యారు. నిజాం కొలువులో పెద్ద ఉద్యోగం చేసిన మనిషిని స్వాతంత్ర్యం కోసం పోరాడే కాంగ్రెస్ వాళ్లు అలాంటి పనికి ఎంచుకున్నారంటే ఆయన విద్వత్తు ఎంతటిదో ఊహించవచ్చు.

హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసిన తర్వాతి సంవత్సరం, 1949 డిసెంబర్ 6న ఆయన కన్నుమూశారు. ఆ రోజుల్లో నల్లగొండ పల్లెలు సాయుధ పోరాటంలో ఉన్నాయి. ఒకే నేల మీద ఒకవైపు నవాబుల ఇంజనీరింగ్, మరోవైపు భుక్తి కోసం రైతుకూలీల పోరాటం జరిగాయి. రెండూ మన చరిత్రే.

ఆ జలాశయాలు ఇప్పుడు

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లను ఇప్పుడు హైదరాబాద్ మెట్రోపాలిటన్ వాటర్ సప్లై అండ్ సీవరేజ్ బోర్డు చూసుకుంటోంది. అందరూ వాటర్ బోర్డు అంటారు. 1989లో ఏర్పడింది. ఉస్మాన్ సాగర్‌కు 15 గేట్లు, హిమాయత్ సాగర్‌కు 17 గేట్లు ఉన్నాయి. 2020 అక్టోబర్ వానల్లో, మళ్లీ 2025 సెప్టెంబర్ చివరలో గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఒడ్డున బస్తీలు మునిగాయి. 2025లో మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి కూడా నీళ్లు వచ్చాయి. మనలో చాలామంది ఊరికి పోవడానికి బస్సు ఎక్కేది అక్కడే.

ఈ రెండు జలాశయాలను కాపాడడానికి 1996 మార్చిలో ప్రభుత్వం జీ.ఓ. 111 తెచ్చింది. చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు రాకుండా నిషేధించింది. మురుగు నీరు చెరువులో కలవకూడదని దాని ఉద్దేశం. 2022 ఏప్రిల్‌లో జీ.ఓ. 69తో ఆ ఆంక్షలను ఎత్తివేశారు. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కాబట్టి ఈ చెరువుల అవసరం తగ్గిందన్నది ఒక వాదన. ఆ గ్రామాల రైతులకు తమ భూమికి ధర రావాలన్న కోరిక ఉండడం సహజమే. కానీ ఒక్క మాట అడగాలి. ఆ కృష్ణా నీళ్లు ఎక్కడి నుంచి పోతున్నాయి? మన నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం మీదుగానే కదా! దగ్గరి చెరువును పాడు చేసుకొని 100 కిలోమీటర్ల అవతలి నీటిని పంపులతో తోడుకోవడం తెలివైన పనేనా? నగరం వాడుకున్న మురుగు నీరు మాత్రం మూసీలో కలిసి మళ్లీ మన జిల్లాకే వస్తోంది.

మనం తాగిన నీళ్లు

నల్లగొండ పిల్లలకు తాగునీటి గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కరలేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో బోరింగు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టి, కాళ్లు వంకరపోయిన మనుషులను చూస్తూ పెరిగాము. హైదరాబాద్‌కు 1920 నాటికే మంచి నీటి జలాశయం వచ్చింది. దానికి 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊర్లు ఆ తర్వాత దశాబ్దాల పాటు విషపు నీళ్లే తాగాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో జనం పెద్ద ఎత్తున నామినేషన్లు వేశారు. మొత్తం 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచేసరికి ఎన్నికనే వాయిదా వేయాల్సి వచ్చింది. దేశమంతా నల్లగొండ వైపు చూసింది. ఆ తర్వాతే కృష్ణా నీళ్లు కొద్దికొద్దిగా ఊర్లకు వచ్చాయి. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను మన చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. అడగకుండా ఏదీ రాలేదు. చూసుకోకపోతే వచ్చింది కూడా నిలవదు.

ఈ మాట మాకు ఎలా తెలిసిందో చెప్పి ముగిస్తాము. మాలో కొందరం ఉన్న ఒక హాస్టల్లో ఒక వానాకాలం వరుసగా పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. భోజనం బాగా లేదని అందరం వంటమనిషి మీద కోపం చేశాము. చివరికి ఒక రోజు మాలో ఇద్దరు మిద్దె ఎక్కి ట్యాంకు చూశారు. మూత పగిలి ఉంది. లోపల చచ్చిన పావురం, అడుగున మోకాలి లోతు బురద. నీళ్లు సరిపడా ఉన్నాయి, ట్యాంకు కూడా గట్టిదే. ఎన్ని నెలలుగానో ఎవ్వరూ పైకి ఎక్కి చూడలేదు, అంతే. అది కామాటి పని అని మేము, వార్డెన్ సార్ చెప్పలేదని కామాటి, పైనుంచి డబ్బు రాలేదని సార్. ఆ ఆదివారం అందరం కలిసి ట్యాంకు కడిగి, రేకు మూత బిగించి, మెట్ల దగ్గర ఒక నోటుబుక్కు వేలాడదీశాము. ట్యాంకు కడిగిన తేదీ, బ్లీచింగ్ కలిపిన తేదీ, చూసినవాళ్ల పేరు అందులో రాయాలి. పదో తరగతి వాళ్లు వంతుల వారీగా రాశారు. వంటమనిషికి మేము క్షమాపణ చెప్పింది మాత్రం చాలా రోజుల తర్వాత.

అలీ నవాజ్ జంగ్ నదులకు రాసిన లెక్కల ముందు మా నోటుబుక్కు ఎంత? అయినా రెండూ ఒకే జాతివని మా నమ్మకం. ఎంత నీరు వచ్చింది, ఎలాంటి నీరు వచ్చింది, ఎవరు చూశారు అని రాసిపెట్టుకునే చోట నీళ్లు నిలుస్తాయి. మనలో రేపు కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు పంచాయతీ సెక్రటరీలవుతారు, కొందరు సర్పంచులు, టీచర్లు అవుతారు. కొత్త జలాశయం కట్టే అవకాశం ఏ ఒక్కరికో వస్తుంది. ఉన్నదాన్ని చూసుకునే అవకాశం అందరికీ ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ సంచిక చదవడం అయిపోయాక ఒకసారి మిద్దె ఎక్కి మన ట్యాంకు మూత తీసి చూడండి. వచ్చే జూలై 11న ఆ మహనీయుని ఫోటోకు దండ వేస్తే మంచిదే. ఆ రోజే ట్యాంకు కూడా కడిగితే ఇంకా మంచిది.